అప్పాజీ చూడలేదు

షార్జాలో అజ్మతుల్లా ఖాన్ నర్సరీలో అప్పాజీ ఏం ఉద్యోగం చేస్తున్నాడో చెప్పడం కొంచెం కష్టం. వీసా మీద తోటమాలి అని ఉంది. మొక్కల గురించి అతనికి తెలిసింది మాత్రం అంతంత మాత్రమే. ఊరు కడియం అనగానే, తనకి కంటైనర్లలో మొక్కలొచ్చే ఊరే కదా అని ఖాన్ కళ్లు మూసుకుని పనిలో పెట్టుకున్నాడు. కడియంలో అప్పాజీ నడిపింది మొక్కలు మోసే వ్యాను. ఆ సంగతి ఖాన్ అడగలేదు, ఇతను చెప్పలేదు.

అసలు అతను చేసే పని అటు తిరిగి నిలబడటం.

మనవాళ్ల సంగతి తెలిసిందే. మనీప్లాంట్ కొనుక్కుంటే కలిసిరాదు, ఎవరింట్లోనైనా చెప్పకుండా తుంచుకొచ్చి నాటుకోవాలి. దుబాయ్ వచ్చినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు గానీ, ఒకరి ఫ్లాట్‌లోకి ఒకరు తొంగిచూడని ఈ దేశంలో ఎవరింట్లో తుంచుతారు? ఓ శుక్రవారం సెలవునాడు షార్జాలోనే ఉన్న రోలా నుంచి ఒకావిడ వచ్చి, మనీప్లాంట్ తీగల చుట్టూ పదిసార్లు తిరిగి, సిగ్గుపడుతూ అడిగింది.

"అన్నయ్యగారూ, కాస్త అటు తిరుగుతారా?"

అప్పాజీ తిరిగాడు. వెనకాల టప్పున తుంచిన చప్పుడైంది.

"చూశారా ఏంటి?"

"ఆయ్, నేను చూళ్ళేదండీ."

ఆవిడ మురిసిపోయి పెద్ద కుండీ ఒకటి కొనుక్కుని వెళ్లింది. ఇక చూడండి, దుబాయ్‌లోని డేరా నుంచి, ఆఖరికి కొండల అవతలి ఫుజైరా నుంచి కూడా కుటుంబాలతో సహా దిగబడ్డారు. కడియంలో ఉన్న పెళ్లాం మంగాదేవి ఫోన్లో విని, "అటు తిరిగినందుక్కూడా జీతమిత్తారా?" అని నోరెళ్లబెట్టింది.

ఖాన్ ఒకనాడు కెమెరాలో చూశాడు. పట్టుచీరల ఆడవాళ్లు తీగలు తుంచి హ్యాండ్‌బ్యాగుల్లో కుక్కుకుంటున్నారు, తను నమ్మిన మనిషి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. ఖాన్ తల పట్టుకున్నాడు. అప్పాజీ తన అరకొర హిందీలో విషయమంతా వివరించాక, "దానికింత నాటకం దేనికి?" అని 'ఉచితంగా తీసుకోండి' అని బోర్డు పెట్టించాడు. ఆ వారం ఒక్కరూ ముట్టుకోలేదు. పైగా ఒకావిడ గొడవకొచ్చింది. "ఊరికే ఇస్తే దానం అవుద్ది. దానం పట్టుకెళ్లి నేనేం చేసుకోనండీ?"

బోర్డు పీకేశారు. మరుసటి శుక్రవారం ఖాన్ స్వయంగా ఖర్జూరపు మొక్కల వెనక నక్కాడు. ఆడవాళ్లు తీగ తుంచగానే "చోర్! చోర్! పకడో!" అంటూ దూకాడు. వాళ్లు కెవ్వుమని, కొంగులు బిగించి నవ్వుకుంటూ పరుగెత్తారు. ఇంత చక్కటి దొంగతనం ఇంకెక్కడా దొరకదని ఊరూవాడా చెప్పుకున్నారు. పళ్లు కనబడేలా నవ్వగా ఎవరూ చూడని ఖాన్, ఆనాటి నుంచి శుక్రవారం కోసం ఎదురుచూసేవాడు.

అలాంటి నర్సరీలో కృష్ణవేణి టీచరు తన ప్రాణం లాంటి మొక్కని వదిలి వెళ్లింది. తెల్లమచ్చల మాన్‌స్టెరా. సున్నం వేసేవాడు బ్రష్షు విదిలించినట్టుంటాయి దాని ఆకులు. మొక్కల పిచ్చివాళ్లు దాని ఒక్క కణుపు కోసం కొట్టుకు చస్తారు. లాక్‌డౌన్‌లో ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండి, మాట్లాడటానికి ఇంకెవరూ లేక, ఆవిడ దాంతోనే మాట్లాడుతూ ఒక్క కణుపు నుంచి పెంచింది. "అప్పాజీ, నీ చేతుల్లో పెడుతున్నాను" అని చెప్పి రెండు వారాలకని కాకినాడ వెళ్లింది. 2021 ఏప్రిల్ అది. ఆవిడ అటు దిగగానే ఇటు విమానాలు ఆగిపోయాయి.

మేలో ఒక శుక్రవారం నర్సరీ కిటకిటలాడుతోంది. ఖాన్ "చోర్! చోర్!" అని మంచి ఊపులో ఉన్నాడు. మాస్కు, టోపీ, నల్లకళ్లద్దాలు పెట్టుకున్న మనిషొకడు ఖరీదైన మొక్కలుంచే గాజుగదిలోకి వెళ్లి, కృష్ణవేణి కుండీని రెండు చేతులా ఎత్తుకుని బయటికొచ్చాడు. అప్పాజీ అలవాటుకొద్దీ అటు తిరిగాడు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఖాన్ గేటు దాకా ఉత్తుత్తిగా తరిమి, ఆగి, చెయ్యి కూడా ఊపాడు.

సాయంత్రం గాజుగదిలో ఖాళీ బల్ల చూసి అప్పాజీ బల్లల కిందా కుండీల వెనకా వెతికాడు. "మేడమ్ వచ్చేలోగా మొక్క రావాలి. రాకపోతే ఖలాస్, నీ వీసా క్యాన్సిల్" అన్నాడు ఖాన్. గేటు దగ్గర దొంగకి చెయ్యి ఊపింది తనేనని ఆయనకు గుర్తు లేదు.

షార్జా మొక్కల ప్రేమికుల వాట్సాప్ గ్రూపులో గగ్గోలు లేచింది. ఆ గ్రూపు పెద్ద దేవదానం గారు వాయిస్ మెసేజ్ పెట్టారు. చర్చిలో వాక్యం చెప్పే గొంతు ఆయనది. "నమ్మకాన్ని దొంగిలించినవాడు మనిషే కాడు ప్రియులారా! ఆ అప్పాజీ మీద కూడా ఓ కన్నేసి ఉంచండి!" అప్పాజీ దాన్ని పదేపదే విని కుమిలిపోయాడు.

కృష్ణవేణి రోజూ ఫోటో అడిగేది. పాత ఫోటోలు నిండుకుంటున్న సమయంలో ఒక తెలియని నంబరు నుంచి వీడియో కాల్ వచ్చింది. మనిషి కనబడలేదు. నీలం గోడ, దాని ముందు తెల్లమచ్చల మొక్క. ఎవరో గుసగుసగా అన్నారు, "మా ఫ్రెండు మొక్కండీ. ఆకులు పసుపెక్కుతున్నాయి. కడియం మనిషి మీకు తెలుస్తుందని..."

అప్పాజీ ఆ మచ్చల్ని ఇట్టే గుర్తుపట్టాడు. కేకలేస్తే ఫోను కట్టేసి మొక్కని చెత్తబుట్టలో పడేస్తాడు. బండి నడిపిన రోజుల్లో విన్న ఒకే ఒక్క మాట గుర్తొచ్చింది. "మీ ఫ్రెండుని నీళ్లు మానెయ్యమనండి. ముద్దు ఎక్కువై చత్తాయండీ ఇయ్యి."

మొక్క తేరుకుంది. ఇక రోజూ వీడియో కాలే. దొంగ కుండీని అటూ ఇటూ తిప్పి చూపించేవాడు, అప్పాజీ స్క్రీన్‌షాట్ తీసి కాకినాడ పంపేవాడు. "గోడ నీలంగా ఉందేమిటి?" అని టీచరు అడిగితే, "ఖాన్ సాబ్ రంగులేయించాడండీ" అనేవాడు. కొత్త ఆకు విచ్చుకున్న రోజు ఇద్దరూ పండగ చేసుకున్నారు. "మీరు అన్నం తిన్నారా?" అని ఫోను పెట్టేముందు దొంగే అడిగేవాడు. తన కొంప కూల్చినవాడి మీద కోపం రానందుకు అప్పాజీకి తన మీదే కోపం వచ్చేది.

ఆగస్టులో దారులు తెరుచుకున్నాయి. "ఎయిర్‌పోర్టు నుంచి సరాసరి నర్సరీకే వస్తా" అంది కృష్ణవేణి. ఆ రోజు కాల్‌లో అప్పాజీ దాపరికం వదిలేశాడు.

"మీ ఫ్రెండుకి చెప్పండి బాబూ. ఆవిడ నా చేతుల్లో పెట్టి వెళ్లిందండీ. ఉద్యోగం పోతే పోయింది, ఆవిడకి నా మొకం ఎలా చూపించను?"

కెమెరా మొక్క మీంచి నీలం గోడ మీదికి తిరిగింది. తర్వాత గుసగుస. "తెచ్చి ఇస్తే దొంగనని ఒప్పుకున్నట్టే కదండీ... మా ఫ్రెండు. అడ్రసు పంపుతాను, మీరే వచ్చి దొంగిలించుకోండి. తలుపు తీసే ఉంటుంది. అతను అటు తిరిగి నిలబడతాడు."

మర్నాడు మధ్యాహ్నం అప్పాజీ రోలాలో ఆ బిల్డింగు ఎక్కాడు. తలుపు తీసే ఉంది. లోపల లుంగీ కట్టుకున్న పెద్దమనిషి కిటికీకేసి తిరిగి బిగుసుకుపోయి ఉన్నాడు. మెడ మీద చెమట కారుతోంది. ఇన్నాళ్లూ అటు తిరగడం ఎంత తేలికో, ఎత్తుకుపోవడం ఎంత కష్టమో అప్పాజీకి అప్పుడు తెలిసింది. కుండీని పొట్టకి అదుముకుని గడప దాటాడు.

దాటీ దాటకముందే బిల్డింగు కాపలా నాతూర్ కాలరు పట్టుకున్నాడు. "చోర్! చోర్!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. వరసగా తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో పోలీసులకి ఫోను చెయ్యమన్నారు. లోపలాయనే రమ్మన్నాడని ఒక్క మాట చెబితే చాలు. కానీ చెబితే ఇంత మంది ముందు ఆ మనిషి ఏమైపోతాడు? చెప్పకపోతే తనేమైపోతాడు? అప్పాజీ కుండీని ఇంకా గట్టిగా పట్టుకుని కళ్లు దించుకున్నాడు.

"ఛోడో ఉసే," అంది లోపలి నుంచి ఒక గొంతు. గుసగుస కాదు, నిండు గొంతు. "వదిలెయ్. ఆ మొక్క అతనిదే. చోర్ మై హూఁ."

గ్రూపులో పదేపదే విన్న గొంతు, చర్చిలో వాక్యం చెప్పే గొంతు. అప్పాజీకి గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. చెవుల్ని అటు తిప్పుకునే వీలు లేదు కదా.

నాతూర్ చెయ్యి జారిపోయింది. చెప్పుల చప్పుడు గడప వైపు వస్తోంది. అప్పాజీ గబుక్కున వరండా గోడకేసి తిరిగిపోయి, తెల్లమచ్చల ఆకుల్లో మొహం దాచుకున్నాడు.

"ఆయ్, నేను చూళ్ళేదండీ," అన్నాడు గోడతో. "నేనెవర్నీ చూళ్ళేదు."