కిరాయి పుస్తకాల సేటు అడిగిన ముగింపు

మొన్న హన్మకొండ చౌరస్తాలో ఆటో ఆగినప్పుడు, సెల్‌ఫోన్ కవర్లు వేలాడదీసిన ఒక దుకాణం మీద నా చూపు నిలిచిపోయింది. డెబ్బైల చివర్లో అక్కడ నవలలు కిరాయికిచ్చేవారు. ఆ దుకాణం సేటు ఒక్క నవల కూడా పూర్తిగా చదివిన మనిషి కాదు. తిరిగొచ్చిన పుస్తకంలో ఏ పేజీకి అన్నం మెతుకు అంటుకుందో చూసి, ఆడవాళ్లు వంట మరిచిపోయింది ఎక్కడో చెప్పేవాడు. నెలకోసారి విజయవాడ వెళ్లి కొత్త నవలల కట్టలు తెచ్చేవాడు. ఇది నడుస్తుందని ఆయనంటే చాలు, అక్కడి ప్రచురణకర్తలు అచ్చువేసేవారు. మా ఊళ్లో నవల రాసినవాళ్లకు ఆయన గడప తప్ప వేరే దారి లేదు.

నా మొదటి పిల్ల ఏడాది నిండకుండానే జ్వరంతో దవాఖానలో పోయింది. తర్వాత పుట్టిన బాబు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకోవడం, మళ్లీ కలం పట్టుకోవడం. అలా తయారైంది నా తొలి నవల. అందులోనూ పిల్ల పోతుంది. సేటు కట్ట అందుకుని తిన్నగా చివరి పేజీ తీశాడు.

"పొల్ల సచ్చిపోయిందా?"

"పోయింది సేటూ."

"గట్లయితె ఎట్ల నడుస్తదమ్మా? మన ఆడోళ్లు ఆఖరి పేజీ సూసినంకనె కిరాయికి తీస్కపోతరు. పొల్లను బతికియ్యి. అచ్చేయించే జిమ్మ నాది."

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. ఆవిడకు చదువు రాదు. సంగతి చెప్పాను. ఇంకో నాలుగు పిక్కలు తీసింది.

"రాయరాదు మరి. కాయితంలనన్న బతుకనియ్యి" అంది.

రాశాను. రోజూ పొద్దున పొయ్యి దగ్గర అత్తమ్మ అడిగేది.

"ఇయ్యాల ఏం జేసింది పొల్ల?"

"నడక నేర్చింది అత్తమ్మా."

"పడ్డదా? దెబ్బ తాకలె గద?"

పిల్లను బడికి పంపిన రోజు జడలు ఎవరేశారని నిలదీసింది. మీరేనన్నాక గాని ఊరుకోలేదు. ఒకసారి పిల్లకు తట్టు పోసిందని రాస్తే రెండు పూటలు నాతో మాట్లాడలేదు. ఆ పేజీ కొట్టేశాను.

సేటు విజయవాడ బయల్దేరే ముందు తనే మా ఇంటికొచ్చాడు. "తయ్యారైందా బిడ్డా? రేపు నా బండి." నేను లోపలి నుంచి తెచ్చిన కట్టను అత్తమ్మ మధ్యలోనే అందుకుని ఒళ్లో పెట్టుకుంది.

"ఇయ్య పో."

"ఏందవ్వా, గది పుస్తకం!"

"నా మనుమరాలిని ఇంటింటికి కిరాయికిస్తవా సేటూ?"

అచ్చులో పేరు చూసుకోవాలని నాకెంత ఉందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నోరు తెరిచాను కూడా. కానీ దవాఖాన నుంచి రిక్షాలో పిల్లను తెచ్చినప్పుడు ఆవిడ అట్లాగే పట్టుకుంది, రెండు చేతులా, తలవైపు కాస్త ఎత్తి. కట్టను ఆవిడ ఒళ్లోనే వదిలేశాను.

"నష్టం జేసుకుంటానవ్ బిడ్డా" అన్నాడాయన మెట్లు దిగుతూ. అబద్ధమేం కాదు. మరో నవల నాకు రాలేదు.

అత్తమ్మ అడుగుతూనే ఉంది, నేను రాస్తూనే ఉన్నాను. కాగితం మీద పిల్ల ఓణీ వేసుకోకముందే అత్తమ్మ పోయింది. అటుపైన ఒక్క వాక్యం సాగలేదు. బాబుకిప్పుడు తల నెరిసింది. కాలం అందరినీ తనంతట తానే పెంచుకుపోతుందనుకుంటాం. మా పిల్ల మాత్రం, పొద్దున్నే అడిగే మనిషి ఉన్నన్నాళ్లే పెరిగింది.