బస్సు తొక్కిన సన్నెకల్లు

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరకక బస్సులు బొగ్గుతో నడిచేవి. మా ఆయన నౌకరి చేసే వరంగల్‌లో కొత్త కాపురం పెట్టడానికి నేను, మా అత్తమ్మ పాలకుర్తిలో బస్సెక్కినం. నా పెండ్లిలో తొక్కిన సన్నెకల్లును అత్తమ్మ పాత చీరలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకున్నది.

ఎత్తు రాగానే బస్సుకు దమ్ము చాలలేదు. ఎప్పటిలాగే మొగోళ్లు దిగి తోస్తున్నరు, ఆడోళ్లం కూర్చున్నం. నాకు మనసొప్పలేదు.

"మన బరువు గూడ వాళ్లే మోస్తాండ్రు గద అత్తమ్మా" అని దిగిన.

"కొత్త కోడలివి, నలుగురిల పరువు తీస్తవా?" అని ఆమె కసిరింది. నేను కొంగు నడుముకు చెక్కి భుజమానించిన.

పైకి చేరబోతుండగా ఇంజన్ ఆగింది. బ్రేకు పట్టలేదు. మేమందరం అంతసేపు తోసిన బలమంతా దాచిపెట్టుకొని మా మీదికే వదిలినట్టు బస్సు వెనక్కి జారుతున్నది. మొగోళ్లు వీపులు ఆనించి ఆపుతున్నరు. చక్రం కింద పెట్టిన చెక్క పగిలిపోయింది. నేను తలుపు కాడికి ఉరికిన.

"అత్తమ్మా, సన్నెకల్లు ఇటియ్యుండ్రి."

"పెండ్లి రాయిని చక్రం కింద పెడ్తవా?"

"పెండ్లిల నాతోటి తొక్కిచ్చిండ్రు గద, ఇప్పుడు బస్సు తొక్కుతది."

ఆమె రాయిని కిందికి నెట్టింది. ఈడ్చుకపోయి చక్రం వెనక పెట్టిన. అంచు విరిగింది గాని బస్సు ఆగింది.

మళ్లీ తోయబోతుంటే నా పక్కన ఇంకో భుజం ఆనింది.

"జర జరుగు పిల్లా" అన్నది అత్తమ్మ, కొంగు చెక్కుకుంటూ.

ఆ విరిగిన రాతి మీదనే ఏండ్లకేండ్లు పచ్చళ్లు నూరిన. కొత్తది కొనుక్కోమని ఎవరన్నా అంటే, నాకంటే ముందు ఆమెకే కోపమొచ్చేది.