తాయెత్తు వెనుక పేరు

నా చిన్నప్పుడు అక్షరమంటే నాకు బొమ్మే. మేముండే తోటకు దగ్గర్లో మా బోటి పిల్లలకు బడి లేదు. కడపకు తిరిగొచ్చాక పెళ్ళి చేశారు. నలభై దాటాక మా కోడలు కూర్చోబెట్టి రాయడం నేర్పింది. అందుకే ఈ సంగతి ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

మా నాయన సౌదీలో బురైదా దగ్గర ఖర్జూరం తోటలో డ్రైవరు. కువైట్‌లోకి ఇరాక్ సైన్యం దిగిన ఏడాది అది. రేడియో గట్టిగా మోగేది, మనుషులు గొంతు తగ్గించి మాట్లాడేవారు. యెమెన్ ఇరాక్ వైపు ఉందని, పూచీ పడే సౌదీ మనిషి లేకపోతే యెమెన్ వాళ్ళు దేశం వదలాల్సిందేనన్నారు. మా తోటలో చెట్లెక్కి గెలలు కోసేది ఒక యెమెన్ తాత. మేమంతా కఫీల్ అని పిలిచే తోట యజమాని ఆయనకు పూచీ ఉంటానని మాటిచ్చాడు. మా నాయనకు మాత్రం నమ్మకం కుదరలేదు.

"ఆ ముసలాయప్ప మీద ఒక కన్నేసి పెట్టుమ్మే. ఆయప్పకు మచ్చ పడితే మనకూ అంటుకుంటాది" అన్నాడు.

నేను కనిపెట్టింది ఒకటే. తాత మెడలో వెండి తాయెత్తు ఉండేది. చెట్టెక్కే ముందు ముళ్ళకు తగులుకోకుండా తీసి నీళ్ళ క్యాను మీద పెట్టేవాడు, ఎప్పుడూ ఒకే వైపు పైకి ఉండేలా. ఒకరోజు తిరగేసి చూశాను. వెనకాల చెక్కిన గీతలున్నాయి. పెట్టె అట్ట ముక్క మీద బొగ్గుతో అలాగే దించాను.

మా నాయన అట్టను అటూ ఇటూ తిప్పాడు. "ఇది అరబ్బీ గాదు. ఏందో దొంగ గుర్తు. రేపు పొద్దున కఫీల్‌కు సూపిస్తా, దాచిపెట్టు."

నాకు ఆగలేదు. సాయంత్రం అట్టను తాత మొహం ముందు పెట్టి, తోటలో నేర్చిన అరబ్బీలో ఇదేమిటని అడిగాను. బెదిరితే దొంగే అనుకున్నాను.

ఆయన బెదరలేదు. అది ఒక మగమనిషి పేరు, ఈతమార్ అన్నాడు. వాళ్ళ ఊళ్ళో వెండి పని చేసే యూదు అట, చెక్కింది యూదుల అక్షరాల్లోనట. అది హారూన్ ప్రవక్త చిన్న కొడుకు పేరనీ, తమలోనూ అరుదుగానే పెట్టుకుంటారనీ ఆ ఈతమారే చెప్పేవాడట. ఖర్జూరపు చెట్ల దీవి అని అర్థమట. తాతకు నా అంత వయసున్నప్పుడు యూదులు ఊరు విడిచి పోయారు. పోయే రోజు ఈతమార్ తను చేసిన తాయెత్తును తాత మెడలో కట్టాడు.

"అప్పట్నుంచీ ఖర్జూరపు చెట్లే నాకు కూడు పెడుతున్నాయి" అని తాత నవ్వాడు. "ఇది ఎవరికి చూపిస్తావు?"

కఫీల్‌కి అన్నాను. ఆ నవ్వు ఆగిపోయింది. మెడలో యూదుల రాత ఉందని తెలిస్తే కఫీల్ పూచీ పోతుందని నాకు అప్పుడు తట్టింది. అట్ట లాక్కుంటాడని వెనక్కి జరిగాను. ఆయన దాన్ని నా చేతుల్లోనే మెల్లగా, కిందిది పైకి వచ్చేలా తిప్పాడు.

"ఇట్లా పట్టుకోవాలి తల్లీ. మంచివాడి పేరు తలకిందులుగా చూపించకూడదు."

ఈనాటికీ ఏ కాగితం చేతికొచ్చినా ముందు ఎటు పైకుందో చూసుకుంటాను. ఎవరి మీదైనా అనుమానం పుడితే, తనను పట్టిచ్చే అట్టనే సరిగా పట్టుకోవడం నేర్పిన ఆ కాయలు కాసిన చేతులు గుర్తొస్తాయి.

మర్నాడు పొద్దున్నే అట్టను తోటలో కట్టేసిన మేకకు వేశాను. మా నాయన వచ్చి ఏదని అడిగితే, "మేక తినింది నాయనా" అన్నాను. ఆయన మేక మూతికంటిన బొగ్గు చూశాడు, నా వేళ్ళకంటిన బొగ్గు చూశాడు. కఫీల్ దగ్గరికి పోకుండా లారీ ఎక్కి పనికి పోయాడు. చెట్ల మీంచి గెల నరికే చప్పుడు వినపడేదాకా నేను అక్కడే నిలబడ్డాను.