రెండు ఆపరేషన్ల నడుమ పత్యం

ఎవరింట్లోనైనా వాము వేయిస్తున్న వాసన వస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పొట్టకు ఎంత మంచిదో నిన్న పక్కింటావిడ వాకిట్లో నిలబడి వివరిస్తుంటే మర్యాదకు తలూపి, లోపలికొచ్చి కిటికీ వేసుకున్నాను.

ఎనభైల మొదట్లో మేము కేసముద్రంలో ఉండేవాళ్లం. నాకు పదేళ్లు. టైఫాయిడ్ ముదిరి పేగుకు చిల్లు పడింది. వరంగల్‌లో డాక్టరు ప్రాణం నిలబెట్టడానికి పేగు కొసను పొట్ట కుడిపక్కన బయటికి తీసి కుట్టాడు. మూడు నెలలకు మళ్లీ లోపలికి కలుపుతానని, అప్పటికి పిల్ల ఐదు కిలోలన్నా పెరగాలని, పప్పు, పెరుగు, నెయ్యి ఏదడిగితే అది పెట్టమని చెప్పి పంపాడు. మేము బాపు అని పిలిచే నాన్న అన్నిటికీ తలూపాడు. ఇంటికొచ్చాక నా కంచం బాపమ్మ చేతిలోకి పోయింది.

బాపమ్మ అంటే బాపు తల్లి. ఆమె మాటకు మా ఇంట్లో ఎదురు లేదు. పచ్చి పేగుకు పప్పు పెడితే చీము పడుతుందంది, పెరుగు పెడితే వాపంది. రెండేళ్ల నాటి పాత బియ్యం మెత్తగా వండి, అందులో ఇంత వాము కారం, వారానికోసారి చప్పటి బీరకాయ ముక్కలు, అంతే. వానలు వెళ్లాయి, మక్క కంకులు కాల్చే రోజులు వెళ్లాయి, బతుకమ్మ వచ్చి వీధి వీధంతా తంగేడు పూలతో పచ్చబడింది, వంటింట్లో నువ్వులు, పల్లీలు, బెల్లం దంచిన వాసన ఇల్లంతా కమ్ముకుంటే నేను వెనక వసారాలో నులక మంచం మీద, పొట్టకు పాత ధోవతి గుడ్డలు కట్టుకుని, అవి తడిసినప్పుడల్లా అమ్మను పిలుస్తూ పడుకున్నాను. అమ్మ వాటిని ఉడకబెట్టి, ఎవరికీ కనబడకుండా దడి వెనక ఆరేసేది. ఎంత ఉతికినా వాసన పోయేది కాదు. నాతో అష్టాచెమ్మ ఆడే పద్మ ఒకసారి వచ్చింది. ముక్కు మూసుకోకుండా ఉండటానికి అది పడుతున్న పాట్లు చూడలేక నేనే పొమ్మన్నాను. పేగు లోపలికి పోతే చాలు, ఇంకేమీ వద్దనుకున్నాను.

బాపుది మార్కెట్ యార్డులో రైతుల పంటను కమీషన్‌కు అమ్మిపెట్టే అడ్తి దుకాణం. ప్రతి ఆదివారం నన్ను ఎత్తుకుపోయి, మిర్చి ఘాటుకు తుమ్ముతున్న నన్ను బస్తాలు తూచే కాంట మీద కూర్చోబెట్టి, అవతలి తట్టలోంచి ఒక్కో తూకం రాయి తీసేసేవాడు. బస్తాను చూపుతోనే తూచే మనిషి, కూతురు తరిగిపోతున్నదని తెలిసి కూడా వచ్చే వారం పెరుగుతుందిలే అని దింపేవాడు. తల్లికి ఒక్క మాట చెప్పలేకపోయాడు.

మూడు నెలలకు వరంగల్ పోతే డాక్టరు నా మణికట్టు పట్టుకుని చూసి, ఏం పెడుతున్నారని అడిగాడు.

"పత్యం పెడ్తున్నం సార్, తప్పకుండ," అన్నాడు బాపు గర్వంగా.

ఆపరేషన్ మరో మూడు నెలలు వాయిదా పడింది. రైల్లో కేసముద్రం వచ్చేదాకా ఏడ్చాను. ఇంటికొచ్చాక బాపమ్మ మళ్లీ అదే అన్నం కలుపుతుంటే, అత్త ముందు ఏనాడూ తలెత్తని అమ్మ వచ్చి నా కంచంలో గరిటెడు పప్పు వేసింది. బాపమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"పప్పు పెట్టకు. పిల్ల సస్తది."

"పెట్టకనే సస్తున్నది గద అత్తమ్మా."

బాపమ్మ చెయ్యి వదిలేసింది. నేను తిన్నంతసేపూ దడి దగ్గర అటు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత నెల రోజులు నాతో మాట్లాడలేదు. నాకూ మాట్లాడాలనిపించలేదు. శివరాత్రికి ముందే రెండో ఆపరేషన్ అయింది.

ఇప్పుడు యార్డులో అంకెలు వెలిగే కాంటలొచ్చాయి, మా ఇల్లు సిమెంటు గోదాము అయింది, బాపమ్మ పోయి ముప్పై ఏళ్లు దాటింది. బాపు పుట్టకముందే ఆమెకొక కొడుకు ఉండేవాడని అమ్మ పోయినేడు చెప్పింది. నాలుగేళ్లవాడు, నాకొచ్చిన జ్వరమే వచ్చి తగ్గిందట. ఆకలని ఏడిస్తే బాపమ్మే పప్పన్నం కలిపి తినిపించిందట. సాయంత్రానికి పోయాడట. అమ్మకు కూడా ఇది బాపమ్మ పోయాకే ఎవరో చుట్టాలు చెప్పారు.

విన్నాక నా కోపం తగ్గలేదు. ఆ ఒక్క మాట బాపమ్మ అప్పుడే ఎందుకు చెప్పలేదని ఇంకా పెరిగింది. పిల్లవాడి పేరేమిటని అడిగాను. అమ్మకు తెలియదు. తోడబుట్టిన బాపుకూ తెలియదట. తెలిసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు.