మైసయ్య ముందు పోడు

శాలిబండలో పాలమ్మే మైసయ్య ఎవరికంటే ముందూ పోడు. అదొక్కటే ఆయన రోగం. పెళ్లిపీటల మీద కూడా తలంబ్రాల పళ్లెం ముందు పెట్టుకుని "ముందు నువ్వే పొయ్" అని కూర్చుంటే, పెళ్లికూతురు కొమురమ్మ విసుగొచ్చి పళ్లెమంతా ఆయన నెత్తిన కుమ్మరించింది. మేపడానికి పోతే బర్రెలు ముందు, ఆయన వెనక. ఎవరు ఎవరిని తోలుకుపోతున్నారో చెప్పడం కష్టం.

అలాంటివాడు సైకిల్ పందేల్లో మొనగాడంటే నమ్ముతారా? ఆ పందెం తీరే వేరు. మైదానంలో ఇద్దరే. ముందు పోయేవాడు గాలికి ఎదురు తొక్కి అలిసిపోతే, వెనకవాడు అతని చాటున హాయిగా వచ్చి ఆఖరి మలుపులో దాటేస్తాడు. అందుకని ఇద్దరూ కాలు కింద పెట్టకుండా సైకిళ్లు ఆపి, నువ్వు పో అంటే నువ్వు పో అని నిలబడతారు. ఇక మైసయ్యను కదిలించేదెవరు? జనం పోయి చాయ్ తాగి వచ్చినా ఆయన అక్కడే! అవతలివాడు విసిగి కదిలితే, ఆఖరి మలుపులో మాత్రం ఒక్కసారి దాటేసేవాడు.

"నా మొగుడు మస్తు హుషారు" అని కొమురమ్మ వాడకట్టంతా చెప్పుకునేది.

1939లో మొఘల్‌పురా గుమాస్తా జగన్నాథంతో పందెం పడింది. గెలిచినవాడు బొంబాయి పోటీలకు పోతాడు. మైసయ్యకు వయసు మీద పడుతోంది; ఈసారి తప్పితే మళ్లీ లేదు.

నిలబడీ నిలబడీ జగన్నాథమే ఓపిక చచ్చి కదిలాడు. మైసయ్య వెనకే అంటుకున్నాడు. ఆఖరి మలుపు వచ్చింది.

"ఇగ దాటు!" కొమురమ్మ గొంతు చించుకుంది.

మైసయ్య దాటలేదు. "జగన్నాథం సాబ్, ఆగుండ్రి! మీ వెనక టైరు ఊడొస్తున్నది!"

"నీ వేషాలు నాతోని నడవయ్ మైసన్నా!" అంటూ జగన్నాథం ఇంకా తొక్కాడు.

మైసయ్య పక్కకు వచ్చి, అతని అంగీ పట్టుకుని గడ్డిలోకి లాక్కుపోయి ఆపాడు. టైరు జారి పడింది. జగన్నాథం బతికిపోయాడు. కానీ పోటీదారు మీద చెయ్యి వేస్తే ఓడినట్టే లెక్క.

కొమురమ్మకు కడుపు మండిపోయింది. "దాటిపోతే గెలుద్దువు గదా! టైరు లొల్లి నీకెందుకయ్యా?"

"దాటిపోతే నాకేం కనబడ్తదే? బర్రె కుంటినా, ముసలోళ్లు తూలినా వెనకున్నోడే చూడాలె గద!"

ఇన్నేళ్లు కాపురం చేసినా కొమురమ్మకు ఇది తెలియలేదు. ఈయన వెనక నడిచేది ఇందుకా! కళ్లొత్తుకుని, ఆ పూట గిన్నెడు మీగడ ఆయనకే వడ్డించింది.

అటు జగన్నాథం "మైసన్న రాకుంటె నేనూ పోను" అని మొండికేస్తే, పందెం పెద్దలు ఇద్దరినీ పంపడానికి ఒప్పుకున్నారు.

నాంపల్లి స్టేషన్లో బొంబాయి రైలు సిద్ధంగా ఉంది. "ముందు మీరెక్కుండ్రి" అంటూ మైసయ్య ముసలమ్మలను ఎక్కించాడు, పిల్లలను అందించాడు, ఎవరిదో పెట్టె మోశాడు. రైలు కదిలింది. ఆయన ఇంకా కిందే ఉన్నాడు!

"ఉరుకయ్యా! ఇయ్యాల ఎవల్నీ చూడకు!" అని కొమురమ్మ కేక పెట్టింది.

మైసయ్య ఉరికాడు. ఆఖరి డబ్బా కమ్మీ అందుకోగానే లోపలినుంచి జగన్నాథం లాక్కున్నాడు.

కొమురమ్మ చప్పట్లు కొడుతూ ఎగిరింది. "గెలిచిండు! నా మొగుడు గెలిచిండు!"

"ఎవల మీదమ్మా?" పక్కనున్న కూలీ అడిగాడు.

"రైలు మీద!" అంది కొమురమ్మ.