మామ బొటనవేలూ, సాయంత్రం పరీక్షా

నోరు విప్పడం కంటే డైరీ విప్పడమే సులువుగా ఉండిన ఆ రోజుల్లో, హిందూపురంలో ఒక డాక్టరమ్మ దగ్గర నాకు మొదటి ఉద్యోగం దొరికింది. ఆవిడ బెంగళూరు నుంచి ఒక యంత్రం తెచ్చి, ఆసుపత్రి మేడ మీద గదిలో పరిశోధన చేసేవారు. అయస్కాంతపు చుట్టను తలకు ఆనించి మీట నొక్కితే టక్కుమని చప్పుడవుతుంది. మనం కదపకుండానే చేతి బొటనవేలు చిన్నగా ఎగురుతుంది. (నొప్పేమీ లేదు. మొదట నా మీదే చేసి చూశారు. నాలో చురుగ్గా కదిలేది ఆ వేలొక్కటేనని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.) ఒకే మనిషికి పొద్దునా సాయంత్రమూ ఈ పరీక్ష చేసి, మెదడు జవాబులో తేడా ఉందా అని చూడాలి. మనుషుల్ని పిలుచుకురావడం నా పని. ముక్కూ మొహం తెలియని వాళ్లను "మీ తల ఒకసారి ఇస్తారా" అని అడగడం నా వల్ల అవుతుందా? వారం గడిచినా ఒక్కరూ రాలేదు. "శనివారంలోగా ఒక్కరినైనా తీసుకురాకపోతే వేరే అమ్మాయిని చూసుకుంటాను" అన్నారు డాక్టరమ్మ.

ధర్మవరంలో మగ్గం నేసే మా మామకు ఫోన్ చేశాను.

"మనిషి బుర్ర పొద్దున ఒగ తీరు, సాయంత్రం ఒగ తీరు ఉంటాదని చూసేకి మిషనెందుకు పాపా? మీ అత్తనడిగితే చెప్తాది" అని నవ్వి, "సరేలే, నీ కోసరం వస్తా. పత్యమేమన్నా ఉండాదా?" అన్నాడు.

"కాఫీ, టీ తాగొద్దు మామా" అన్నాను. మిగతా నియమాలు చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను.

శనివారం పొద్దున మామ బొటనవేలు చెంగుచెంగున ఎగిరింది. తెర మీది గీతలు చూసి డాక్టరమ్మ మురిసిపోయారు. మామ ఊరు చూసొస్తానని పోయి, సాయంత్రం వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి కళ్లు వాలిపోతున్నాయి, వేలు కదిలీ కదలనట్టుంది. "చూశావా, సాయంత్రానికి ఎంత తేడానో!" అని డాక్టరమ్మ సంబరపడుతుంటే, నేను మామ పెదాలనే చూస్తున్నాను. ఎండిపోయి ఉన్నాయి. అడిగితే పరీక్ష ఆగిపోతుంది, దాంతో ఉద్యోగమూ పోతుంది. అడగకపోతే మామ కుర్చీలోంచి జారిపోయేట్టున్నాడు.

"మామా! పొద్దున్నుంచి ఏమన్నా తింటివా లేదా?"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. కింద చీటీలు రాయించుకునే వాళ్లు కూడా తలెత్తి చూశారట.

"తినేదేంది పాపా? పరీక్షంటే పరగడుపు గదా! రాత్రి సంగటి తిన్నదే. నీళ్లు గూడా ముట్లేదు. నా వల్ల నీకు మాట రాకూడదని."

(మా వైపు రక్తం తీసినా, ఎక్స్‌రే తీసినా పరగడుపునే పోతారు. కళ్లద్దాలకు పోయిన రోజు కూడా మా అవ్వ పొద్దున ఏమీ ముట్టలేదు.)

డాక్టరమ్మ యంత్రం ఆపేసి, ఆనాటి గీతలన్నీ పనికిరావని పక్కన పెట్టేశారు. నేను పరుగెత్తి చిత్రాన్నం, బోండాలు తెచ్చాను. రెండో పొట్లం విప్పుతూ మామ, "ఇబ్బుడు పెట్టమ్మా మిషను. వేలేంది, చెయ్యే ఎగురుతాది" అన్నాడు. డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయారు. నావైపు తిరిగి, "ఇంత గొంతు పెట్టుకుని వారమంతా గోడకు అతుక్కుని నిలబడ్డావా? సోమవారం నుంచి వచ్చేవాళ్లకు నియమాలన్నీ నువ్వే చెప్పాలి" అన్నారు.

మరుసటి వారం మామ కడుపునిండా తిని, ఇద్దరు నేతగాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ యంత్రం బెంగళూరికి తిరిగిపోయి చాలాకాలమైంది. అయినా నేను ధర్మవరం పోయినప్పుడల్లా, "ఏం పాపా, మీ డాక్టరమ్మకు ఇంగా తలకాయలు కావాలంటనా?" అని అడుగుతాడు. "కావాలంట మామా, నీదే కావాలంట" అంటాను. ఆ సాయంత్రం గదిలో ఆకలితో కూర్చున్న మామ కంటే, ఉద్యోగం పోతుందన్న భయంతో పక్కన నిలబడిన అప్పటి నేనే ఎక్కువ నీరసంగా ఉన్నానని ఇప్పుడు తెలిసి, నాలో నేనే నవ్వుకుంటాను.