బానెట్ తెరిచి చూపినాయన

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, చిత్తూరులో డాక్టరుగా కుదురుకుంటున్న రోజుల్లో, స్వదేశం వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర పాత కారు కొన్నాను. కాన్పుల కోసం పల్లెలు తిరగాలి. జట్కాను నమ్ముకుంటే బిడ్డ పుట్టాక చేరుకోవడమే అయ్యేది. కారు నడపడం దొరసాని నేర్పింది. బానెట్ కింద ఏముందో మాత్రం ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

చదునైన రోడ్డు మీద కారు బాగానే పోయేది. ఎండలో ఎత్తు ఎక్కితే మాత్రం దగ్గి ఆగిపోయేది. గంటసేపు వదిలేస్తే మళ్ళీ కదిలేది. మరమ్మతు పుస్తకం ఒకటి పంపమని, ఆ కార్లు అమ్మే మద్రాసు కంపెనీకి రాశాను. అది తమ పనివాళ్ళకే గాని బయటివారికి ఇవ్వబోమని, బండినే తెమ్మని జవాబు వచ్చింది. తీసుకెళ్తే మూడు వారాలు ఉంచుకున్నారు. ఏం చేశారని అడిగితే, "అవన్నీ మీకెందుకమ్మా? బాగైంది కదా!" అన్నాడు గుమాస్తా.

ఆ నెలలోనే, పలమనేరు అవతల ఒక పల్లెలో కాన్పు కష్టమైందని కబురొచ్చింది. నర్సమ్మను ఎక్కించుకుని బయలుదేరాను. బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాటు ఎక్కుతుంటే సగంలో కారు ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం. అక్కడ ఆ తల్లి ఎంత యాతన పడుతోందో తలచుకుంటే నాకు ఏడుపొచ్చింది.

పైనుంచి దిగివస్తున్న లారీ ఆగింది. ఖాకీ చొక్కా తొడుక్కున్న నడివయసు మనిషి దిగాడు. యుద్ధంలో మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసి వచ్చాడట, ఇప్పుడు పలమనేరులో సొంత షెడ్డు ఉందట. పనిముట్లు తీయకముందే అడగడం మొదలుపెట్టాడు.

"ఎప్పుడెప్పుడు నిలబడిపోతాది డాక్టరమ్మా?"

"ఎండలో, ఎత్తు ఎక్కేటప్పుడు."

"తెల్లారుజామున పోతే?"

"అప్పుడు ఎన్నడూ ఆగలేదన్నా."

"అట్లయితే ఈడికి రాండి. మీరే సూడండి."

చేతులు మసి అవుతాయని నర్సమ్మ అంటున్నా వెళ్ళి పక్కన నిలబడ్డాను. పెట్రోలు వచ్చే సన్నగొట్టాన్ని ఒక కొసన విప్పి, నన్ను చూడమని, తాను కారు ముందుకెళ్ళి, ఇంజను కదిలించే ఇనుప హ్యాండిల్ తిప్పాడు. గొట్టంలోంచి ధార రాలేదు. బుడగలు వచ్చాయి.

"సూసినారా? ఈ గొట్టం పొగగొట్టానికి ఆనుకొని పోతా ఉండాది. ఆ సెగకు పెట్రోలు లోపల్నే ఆవిరైపోతాది. ఇంక ఇంజనుకు ఏం అందుతాది?"

మా కూజాలో నీళ్ళతో గుడ్డ తడిపి గొట్టానికి చుట్టాం. కాసేపటికి ధార వచ్చింది, ఇంజను పలికింది.

"ఇది ఈ పూటకే. తిరిగొచ్చేటప్పుడు షెడ్డు కాడికి రాండి" అని ఆయన లారీ ఎక్కాడు.

మేము చేరేసరికి బిడ్డ అడ్డం తిరిగి ఉంది. పొద్దు వాలేలోపు తల్లీబిడ్డా ఇద్దరూ దక్కారు.

మర్నాడు షెడ్డులో ఆ గొట్టాన్ని నా చేతనే పక్కకు వంచించాడు. ఆయన దగ్గర మిలిటరీవాళ్ళు ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. ఇంగ్లీషు రాదు గనక బొమ్మలు మాత్రమే చూసి పని నేర్చుకున్నాడు. అడగ్గానే నాకు ఇచ్చేశాడు. అప్పటినుంచి తీరికైన ఆదివారాల్లో పలమనేరు వెళ్ళేదాన్ని. నేను చదివి చెప్పేదాన్ని, ఆయన ఆ భాగం విప్పి చూపించేవాడు. అర్థమైనదంతా నోటు పుస్తకంలో తెలుగులో రాశాను. దానికి దారం కట్టి షెడ్డు గోడకు వేలాడదీశాడు. లారీ డ్రైవర్లు వచ్చి చదువుకునేవారు, చదువు రానివాళ్ళు తెలిసినవాళ్ళతో చదివించుకుని వినేవారు.

"అందరూ నేర్చుకుంటే నీ షెడ్డుకు ఎవరొస్తారన్నా?" అని ఒకసారి అడిగాను.

"రాకపోతే పోనీలేమ్మా. ఘాటులో నిలబడిపోయినోడికి నా షెడ్డు యాడ కనపడతాది?" అన్నాడు.

నేను చేతులు జోడించబోతే, "పోండమ్మా, ఎండెక్కతా ఉండాది" అని నవ్వి పంపించేశాడు.